మా కొట్టంలో పిల్లి ‘మ్యావ్’ అనదు, మూగదా?

ప్రశ్న: మా పశువుల కొట్టంలో రెండేళ్లుగా ఒక ఆడపిల్లి ఉంటోంది. గడ్డివాములో దొరికింది, అప్పటికి దానికి మూడు నెలలు ఉండొచ్చు. ఎలుకల్ని బాగా పడుతుంది, తిండికీ లోటు లేదు. కానీ వచ్చినప్పటి నుంచీ ఒక్కసారి కూడా ‘మ్యావ్’ అనగా నేను వినలేదు. పాలు పితికే వేళకు వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. నా వంక చూసి నోరు తెరుస్తుంది, మూస్తుంది, గొంతు మాత్రం రాదు. పది రోజుల కిందట పిల్లల్ని పెట్టింది. ఇది మూగదా? గొంతులో జబ్బా? పశువులకు ఏమైనా అంటుకుంటుందా? మందు ఉంటే చెప్పగలరు.
– ఒక పాడి రైతు

జవాబు: మీ ఉత్తరంలో నేను ముందు వెతికింది ఒక్క మాట కోసం. ‘వచ్చినప్పటి నుంచీ’ అని మీరే రాశారు, సగం జవాబు అక్కడే దొరికింది. మొదట్నుంచీ అరవని పిల్లి వేరు, మొన్నటిదాకా అరిచి ఇవాళ నోరు పడిపోయిన పిల్లి వేరు. మొదటిది స్వభావం, రెండోది జబ్బు. మీ పిల్లి మొదటి రకం. తింటోంది, వేటాడుతోంది, పిల్లల్ని పెట్టింది. దీనికి మందు అక్కర్లేదు.

ఎందుకు అరవదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ‘మ్యావ్’ అనేది పెద్ద పిల్లులు తమలో తాము మాట్లాడుకునే మాట కాదు. అది పసిపిల్లల కేక. చలేసినా, ఆకలేసినా, ఎక్కడో ఇరుక్కుపోయినా కూన తల్లిని అలా పిలుస్తుంది. పాలు మానేసి సొంతంగా వేటాడటం మొదలయ్యాక ఆ పిలుపు అవసరం తీరిపోతుంది. ఎదిగిన పిల్లులు ఒకదానితో ఒకటి తోకతో, చెవులతో, ఒళ్లు రాసుకుని వదిలే వాసనతో మాట్లాడుకుంటాయి. పోట్లాటలో గుర్రుమంటాయి, బుస్సుమంటాయి, ఎదకొచ్చినప్పుడు రాత్రంతా ఊళ పెడతాయి. అంతే తప్ప, ఎదురుపడ్డ పిల్లిని మరో పిల్లి ‘మ్యావ్’ అని పలకరించడం అరుదు.

మరి ఇళ్లలో పిల్లులు పొద్దస్తమానం అరుస్తాయెందుకు? మనకోసం. మనకు వాటి తోక భాష చదవడం రాదు, వాసన అసలే పట్టలేం. అరిస్తే మాత్రం వెంటనే తిరిగి చూస్తాం. అరిస్తే గిన్నె నిండుతుంది, తలుపు తెరుచుకుంటుంది అని ఒకసారి తెలిశాక పిల్లి ఆ పసితనపు కేకను వదలదు. మీ పిల్లికి ఆ పాఠం అందలేదు. పిల్లి కూనలు మనిషి చేతికి, మనిషి గొంతుకు అలవాటు పడే వయసు రెండో వారం నుంచి ఏడో వారం దాకా. ఆ రోజుల్లో మీ పిల్లి గడ్డివాములో తల్లి దగ్గర ఉంది. అక్కడ కేక పెడితే కుక్కకో గద్దకో దొరికిపోవడమే. మీ దగ్గరకు వచ్చేసరికి మూడు నెలలు నిండాయి. పొట్ట ఎలుకలతో నిండుతోంది. ఇక అరిచి సాధించాల్సిందేముంది?

ఒంటరిగా మాటు వేసి పట్టే జంతువుకు నోరు మూసుకోవడమే పెట్టుబడి. ‘పిల్లి అడుగులు’ అని మనం ఊరికే అనలేదు. చెవుల సంగతి చూడండి: మనిషి చెవి సెకనుకు 20 వేల కంపనాల దగ్గర ఆగిపోతే, పిల్లి చెవి 85 వేల దాకా పట్టగలదు. ఎలుకలు తమలో తాము మనకు వినపడని సన్నటి కీచులతో మాట్లాడుకుంటాయి, పిల్లి వాటిని వింటుంది. అంత వినే జంతువు తాను చప్పుడు చేస్తే వేట పోతుంది.

పిల్లి మన దగ్గర చేరిందే ధాన్యం వల్ల. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం బయటపడింది. అప్పటికే వ్యవసాయం మొదలైంది. గాదెలు ఉన్నచోట ఎలుకలు, ఎలుకలు ఉన్నచోట పిల్లులు. ఆ సహవాసంలో దాని గొంతూ మారింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో నికొలస్ నికాస్ట్రో అనే పరిశోధకుడు ఇంటి పిల్లుల అరుపుల్ని, ఆఫ్రికా అడవి పిల్లుల అరుపుల్ని పక్కపక్కన పెట్టి పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించాడు. ఇంటి పిల్లి మ్యావ్ పొట్టిది, స్థాయి ఎక్కువది. విన్నవాళ్లు దాన్నే ఇంపుగా ఉందన్నారు. అంటే మ్యావ్ మన చెవికి తగ్గట్టు చెక్కిన గొంతు. కొట్టంలో మనిషితో పెద్దగా పని లేకుండా పెరిగిన పిల్లి ఆ చెక్కుడు పనిలోకి దిగదు.

ఇక నోరు తెరిచి మూయడం. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. మిల్డ్రెడ్ మోల్క్ అనే ఆవిడ 1944లోనే పిల్లి శబ్దాలను నోటి తీరును బట్టి మూడు గుంపులు చేశారు. నోరు మూసుకుని చేసేవి: గురగుర, ‘ప్ర్ర్ర్’ అనే పలకరింపు. నోరు తెరిచి మెల్లగా మూస్తూ చేసేవి: మ్యావ్ ఇందులోదే. నోరు బిగించి తెరిచే ఉంచి చేసేవి: పోట్లాట కేకలు, బుసలు. రేపు పాలు పితికేటప్పుడు దాని మూతి గమనించండి. దవడ తెరుచుకుని, నాలుక కాస్త కదిలి, పెదాలు మెల్లగా దగ్గరవుతాయి. మ్యావ్‌కు కావలసిన కదలిక అంతా ఉంది, దాని వెనక ఊపిరి మాత్రం లేదు. నేను దాన్ని సైగగానే లెక్కేస్తాను. మీరు రోజూ దాని వంక చూస్తున్నారు, బహుశా నాలుగు చుక్కలు పోస్తున్నారు కూడా. సైగకే పని జరుగుతుంటే గొంతెత్తడం దేనికి?

గొంతు బాగానే ఉందా అన్న అనుమానం తీరాలంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. అది మీ పక్కన కళ్లు మూసుకుని పడుకున్నప్పుడు రెండు వేళ్లు దవడ కింద, గొంతు మీద ఆనించండి. సన్నటి అదురు తెలిస్తే స్వరపేటిక పనిచేస్తున్నట్టే, ఆ గురగుర పుట్టేది అక్కడే. చెవికి వినపడనంత మెల్లగా గురగురలాడే పిల్లులుంటాయి, అందుకే వేళ్లతో చూడమంటున్నాను. పిల్లల దగ్గరకు వచ్చేటప్పుడు తల్లి ‘ప్ర్ర్ర్’ మని చిన్నగా పలుకుతుంది. ఒక సాయంత్రం కదలకుండా గడ్డివాము పక్కన కూర్చోండి, వినిపించవచ్చు. బుస్సుమనడాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. అది ఉత్త గాలి, గొంతు పడిపోయిన పిల్లి కూడా బుస కొట్టగలదు.

జాతి, వంశం కూడా కొంత కారణమే. సయామీ పిల్లులు పెద్ద వాగుడుకాయలు, పర్షియన్ పిల్లులు నెమ్మదివి. చెవుడు వల్లే అరవడం లేదేమో అని చాలామంది అడుగుతారు. అది తలకిందులు వాదన. చెవిటి పిల్లి తన గొంతు తనకు వినపడక ఇంకా గట్టిగా అరుస్తుంది. రెండు కళ్లూ నీలంగా ఉన్న తెల్ల పిల్లుల్లో చెవుడు ఎక్కువ, వాటి కేక ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు. ఎదకొచ్చినప్పుడు కూడా అరవలేదే అంటారేమో, పశువుల్లో మూగ ఎద సంగతి మీకు నేను చెప్పాలా? పిల్లుల్లోనూ అరుపుల్లేకుండా ఎద జరిగిపోయేవి ఉంటాయి.

ఇప్పుడు రెండో రకం. మీ పిల్లికి ఇది వర్తించదు, కానీ ఇది చదివే ఇంకొకరి పిల్లికి వర్తించవచ్చు. రోజూ అరిచే పిల్లి ఒక్కసారిగా మూగబోయినా, గొంతు బొంగురుపోయినా దానికి కారణం ఉంటుంది. ఎక్కువగా కనిపించేది పిల్లుల జలుబు. హెర్పిస్, కాలిసి అనే వైరస్‌ల వల్ల వస్తుంది. తుమ్ములు, కళ్ల పుసి, నోటిలో పుండ్లు, వీటితోపాటు గొంతు వాపు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినప్పుడు మత్తు కోసం గొంతులో గొట్టం వేస్తారు, దాని రాపిడికి ఒకట్రెండు రోజులు గొంతు బొంగురుపోవచ్చు. రెండు మూడు రాత్రులు ఎక్కడో ఇరుక్కుని అరిచి అరిచి వచ్చిన పిల్లికీ అంతే. ఇవి రెండూ వాటంతట అవే సర్దుకుంటాయి. మెడ మీద కాట్లు, బిగుసుకున్న తాడు, స్వరపేటిక నాడి దెబ్బతినడం, ముసలి పిల్లుల్లో గొంతు గడ్డలు మాత్రం అలా వదిలేసేవి కావు.

ఒకసారి ఒక రైతు గోనెసంచిలో పిల్లిని పెట్టుకుని వచ్చాడు. “నాలుగు రోజులైందండీ నోరు పడిపోయి, తిండి ముట్టట్లేదు” అన్నాడు. చొంగ కారుస్తోంది, ముందుకాలితో మూతి గోక్కుంటోంది. మత్తిచ్చి నోరు తెరిచి దీపం వేసి చూస్తే, నాలుక మొదట్లో ఎండు గడ్డి కంకి ముల్లు ఒకటి గుచ్చుకుని చుట్టూ చీము పట్టి ఉంది. తీయడానికి నిమిషం పట్టలేదు. రెండో రోజుకల్లా బొంగురు గొంతుతో నన్ను తిట్టడం మొదలుపెట్టింది. నాకు అంత సంతోషం కలిగించిన తిట్లు తక్కువ.

అలాగని మీరు నోరు తెరిచి చూడబోకండి. గొంతు మారి, చొంగ కారుతూ, మింగలేకపోతున్న పిల్లికి రేబిస్ ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. ఆవులూ గేదెల్లో కూడా రేబిస్‌కు గొంతు మారుతుంది, అరుపు బొంగురుపోతుంది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని చెయ్యి పెట్టి చూసినవాళ్లు తర్వాత టీకాల కోసం పరిగెత్తడం నాకు తెలుసు. పిల్లి కరిచినా, రక్కినా సబ్బుతో ధారగా కారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నరాల మీద పనిచేసే పాము విషం ఎక్కినప్పుడు కూడా గొంతు కండరాలు పట్టు తప్పుతాయి. ఆస్ట్రేలియాలో ఒక రకం పిడుదు కరిస్తే వచ్చే పక్షవాతంలో పిల్లి గొంతు మారడమే తొలి గుర్తుల్లో ఒకటి. నోరు తెరుచుకుని ఆయాసపడే పిల్లిని మాత్రం తెల్లారేదాకా ఉంచకూడదు. నిద్రలో దాని డొక్కలు నిమిషానికి 30 సార్లు మించి ఎగసిపడకూడదు. 40 దాటితే అప్పటికప్పుడు పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

మందు అడిగారు కాబట్టి ఈ రెండు మాటలు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. సగం బిళ్ల చాలు. దాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు, రక్తం గోధుమ రంగుకు తిరిగి ఊపిరి అందక చనిపోతుంది. అలాగే పశువుల పిడుదులకు కొట్టే పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందుల్ని పిల్లి మీద చల్లకండి. మందు కొట్టిన పశువు ఒళ్లు ఆరేదాకా దాన్ని కొట్టంలోకి రానివ్వకపోవడం మంచిది.

పశువులకు అంటుతుందా అన్నారు. అరవకపోవడం అంటువ్యాధి కాదు. పిల్లుల జలుబు వైరస్‌లు కూడా పశువుల జోలికి రావు. నేను జాగ్రత్త చెప్పేది వేరే: పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు, మేతలో కలిస్తే చూడి గొర్రెలు, మేకలు ఈసుకుపోతాయి. దాణా బస్తాల మీద, గడ్డి నిల్వ మీద అది మలం పెట్టకుండా కప్పి ఉంచండి. దానికి రేబిస్ టీకా వేయించండి, ఈ పిల్లలు పాలు మానేశాక ఆపరేషన్ కూడా.

మీకు మ్యావ్ అనే పిల్లి కావాలని మనసులో ఉంటే దారి ఉంది. ఈ పిల్లలకు పది రోజులంటున్నారు, ఇప్పుడిప్పుడే కళ్లు తెరుస్తుంటాయి. మూడో వారం నుంచి ఒకదాన్ని రోజూ అరగంట చేతిలోకి తీసుకోండి, తల్లి కళ్ల ముందే. మాట్లాడుతూ ఉండండి. అది కుయ్యిమన్న ప్రతిసారీ పలకండి. రెండు నెలలు నిండేదాకా తల్లి నుంచి విడదీయకండి. ఏడాది తిరిగేసరికి అది తెల్లవారుజామున నాలుగింటికి మీ మంచం పక్కన నిలబడి అరుస్తుంది. అప్పుడు దాని నోరు మూయించడానికి మందు అడుగుతూ ఇంకో ఉత్తరం రాస్తారు మీరు. దానికీ మందు లేదు.