మీ అమ్మ వచ్చేలోగా ఫోన్ సంగతి చూడు

ఒరే కన్నా,

ఉద్యోగం మానేసి ఫ్రిస్కోలో ఇంట్లోనే ట్యాక్స్ ఆఫీసు పెడుతున్నావని వదిన చెప్పింది. నీ వయసులో మాకు అంత ధైర్యం లేదురా, చాలా సంతోషమేసింది. మాటల్లో, "ఇంటర్నెట్ ఫోన్ పెట్టిస్తున్నాడట. వాడు బయటికి వెళ్తే నాకూ అదే ఫోను" అంది. అప్పట్నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది.

చిన్న విషయాలు నీకు తెలిసినవే. ఫోన్‌ని ఇంటర్నెట్‌కి కలిపే ఆ డబ్బాని వైఫై మీద వదలకుండా రౌటర్‌కి కేబుల్‌తో కలుపు. ఒక కాల్‌కి సెకనుకి వంద కిలోబిట్లు కూడా పట్టవు, ఖరీదైన ప్లాన్ అక్కర్లేదు. పక్కగదిలో ఎవరైనా పెద్ద ఫైళ్ళు అప్‌లోడ్ చేస్తుంటే మాట తెగొచ్చు. నంబరు కొత్త కంపెనీకి పూర్తిగా మారేదాకా పాత కనెక్షన్ రద్దు చేయించకు. పాస్‌వర్డ్ గట్టిది పెట్టు, విదేశీ కాల్స్ ఆపించు.

నా బెంగంతా ఎమర్జెన్సీ నంబరు 911 గురించే. మేం న్యూజెర్సీలోనే ఎడిసన్ అపార్ట్‌మెంట్ నుంచి ప్లెయిన్స్‌బరో ఇంటికి మారినప్పుడు మీ మామయ్య మా ఇంటర్నెట్ ఫోన్ డబ్బా తెచ్చి కొత్త ఇంట్లో తగిలించాడు. డయల్ టోన్ వచ్చింది, నంబరు అదే, ఇక పని అయిపోయిందనుకున్నాడు. అకౌంట్లో 911 కోసం ఇచ్చిన అడ్రసు మార్చాలని ఆయనకి తట్టలేదు. బిల్లు అడ్రసు మాత్రం మార్చాడు. రాగి తీగ ఫోనయితే ఏ ఇంటి తీగో ఎక్స్ఛేంజీలో రాసుండేది. ఈ ఫోన్ ఎక్కడ తగిలిస్తే అక్కడ మోగుతుంది, 911 వాళ్ళకి మాత్రం మనం రాసిచ్చిన అడ్రసే చూపిస్తుంది. ఇలాంటి కంపెనీలు 911 ఇచ్చి తీరాలని ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌సీసీ 2005లోనే రూలు పెట్టింది. ఇల్లు మారినప్పుడు చెప్పాల్సింది మాత్రం మనమే.

అప్పుడు మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. షుగర్ మనిషి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెమటలు పట్టి కళ్ళు తిరుగుతుంటే, మేం నేర్పినట్టే 911 నొక్కారు. అవతలి వాళ్ళు ఏం అడిగినా ఆవిడకి తెలుగు తప్ప రాదు. అంబులెన్స్ ఎడిసన్ వెళ్ళి ఎవరిదో తలుపు కొట్టింది. ఆవిడ ఎలాగో వీధి గుమ్మం దాకా వచ్చి కూలబడితే పక్కింటామె చూసి మళ్ళీ ఫోన్ చేసింది. బతికారు. మీ మామయ్య మాత్రం చాన్నాళ్ళు సరిగ్గా అన్నం తినలేదు. నేనొక్క మాట కూడా అనలేదు.

వదినకీ షుగరే కదరా! నువ్వేమో ఈమధ్యే ఇల్లు మారావు. ఈ రాత్రే అకౌంట్ తెరిచి, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా 911 అడ్రసు సరిచెయ్యి. చాలా సర్వీసుల్లో 933 నొక్కితే వాళ్ళ దగ్గరున్న అడ్రసు చదివి వినిపిస్తుంది. నీ కంపెనీకి అది ఉందో లేదో కనుక్కో. టెస్టు చెయ్యడానికని 911 కి మాత్రం కొట్టకు. ఇంటి అడ్రసూ, "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అన్న మాటా తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి ఫోన్ పక్కన అతికించు. వదిన చేత పైకి చదివించు, సిగ్గుపడితే నువ్వూ కలిసి చదువు.

ఇంకోటి, కరెంటు. పాత ఫోన్లకి ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచే 48 వోల్టులు వచ్చేవి, ఇంట్లో కరెంటు పోయినా పలికేవి. ఇది పలకదు. ఫిబ్రవరి 2021 మంచుతుఫానులో మీ టెక్సాస్‌లో లక్షల ఇళ్ళు చీకట్లో ఉన్నాయి. మోడెం, రౌటర్, ఫోన్ డబ్బా మూడూ ఒకే యూపీఎస్‌కి తగిలించు. ఇంటర్నెట్టే ఆగిపోతే అదీ పనిచెయ్యదు, కాబట్టి వదిన చేతికి సెల్‌ఫోన్ కూడా ఇవ్వు. క్లయింట్ల కాల్స్ నీ సెల్‌కి మళ్ళేలా పెట్టుకో.

కోప్పడుతున్నాననుకోకు నాన్నా. నువ్వు ఆఫీసు పెట్టుకున్నావని ఇక్కడ అందరికీ చెప్పుకుంటున్నాను. 933 కి కొట్టి ఏ అడ్రసు చెప్పిందో ఆదివారం ఫోన్ చేసి చెప్పు. వదిన టికెట్ ఏ తేదీకి తీశావో కూడా.

మీ అత్తయ్య