అడుగు కనిపించని నీళ్ళంటే భయం, రేసు మానేయాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం. రెండేళ్ళ కిందట ఈత నేర్చుకున్నాను. పూల్‌లో 100 మీటర్లు 2 నిమిషాల 45 సెకన్లలో ఈదుతాను, ఆగకుండా 2 కిలోమీటర్లు కూడా చేశాను. ఆ ధైర్యంతోనే గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3కి పేరిచ్చాను. అదే నా మొదటి ట్రయాథ్లాన్, అంటే ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే రేసు. పోయిన నెల కోచ్‌తో, మరో నలుగురితో కలిసి విశాఖ వెళ్ళి రుషికొండ దగ్గర సముద్రంలో దిగితే, నాలుగు బారలు వేశానో లేదో కింద ఏమీ కనిపించక, కాలు అందక గుండె దడదడలాడిపోయింది. ఊపిరి ఆడలేదు. ఏడుస్తూ ఒడ్డుకొచ్చేశాను. చిన్నప్పుడు నాకు నీటి గండం ఉందని మా నాయనమ్మ చెరువు గట్టు కూడా ఎక్కనిచ్చేది కాదు. ఇప్పుడు ఆ మాటే గుర్తొస్తోంది. మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మానేయొద్దండీ. ఆగకుండా రెండు కిలోమీటర్లు ఈదారంటే మీకు ఈత వచ్చు. ఆ రోజు మీకు తప్పింది ఊపిరి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నాకూ అదే రుషికొండలో అదే జరిగింది. ముఖం నీళ్ళలో పెట్టగానే ఆకుపచ్చ మసక, మోచేయి దాకా కనిపిస్తోంది, వేళ్ళు కనిపించట్లేదు. తెలియకుండానే ఊపిరి బిగబట్టేశాను. తల పక్కకి తిప్పినప్పుడు లోపలున్న గాలి వదలకుండానే ఇంకా పీల్చబోయాను, నిండిన బిందెలో నీళ్ళు పోసినట్టే, పట్టదు కదా. అలా బిగబట్టినప్పుడు ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, ఊపిరాడని ఆ బాధ ఎక్కువగా దానివల్లే వస్తుంది. దాంతో ఇంకా గబగబా పీలుస్తాం, ఇంకా టెన్షన్ పెరుగుతుంది.

అందుకే మొదట బాగుచేసుకోవాల్సింది గాలి వదలడం. ముఖం నీళ్ళలో ఉన్నంతసేపూ ముక్కులోంచి, నోట్లోంచి బుడగలు వస్తూనే ఉండాలి, మీ చెవికి వినపడాలి. ఇది పూల్‌లో ఇప్పటినుంచే ప్రతి బారకీ చేయండి.

పూల్ గురించి ఇంకొకటి. మీ రేసులో ఈత 1.9 కిలోమీటర్లు, 25 మీటర్ల పూల్‌లో అది 76 పొడవులు. ప్రతిసారీ గోడ అందుతుంది, కాలితో ఒక తోపు, ఒక చిన్న విశ్రాంతి, దాన్ని మనం లెక్కలోకే తీసుకోం. సముద్రంలో ఆ గోడ ఉండదు. అందుకని వారానికోసారి గోడకి రెండు మీటర్ల ముందే వెనక్కి తిరిగి, దేన్నీ తాకకుండా 400 మీటర్లు ఈదండి. లేన్ ఖాళీగా ఉన్నప్పుడు కళ్ళు మూసుకుని ఆరు బారలు వేసి, తర్వాత మొసలిలా కళ్ళు మాత్రం నీటి పైకి తెచ్చి ఎదురుగా చూడండి. రేసులో దారి చూసుకోవడం అలాగే. ఇంకో ఇద్దరిని బతిమాలి ఒకే లేన్‌లో ముగ్గురూ ఈదండి, ఒకరి చెయ్యి ఒకరికి తగలనివ్వండి, మొదటిసారి తగిలేది రేసు రోజైతే కంగారుపడిపోతారు.

మళ్ళీ రుషికొండకి అదే కోచ్‌తో, లైఫ్‌గార్డులు ఉండే వేళకి, ఉదయం పూట వెళ్ళండి. మొదటిరోజు ఈదొద్దు. నడుములోతులో నిలబడి ముఖం ముంచి బుడగలు వదలడం, లేవడం, అంతే, ఇరవై సార్లు. తర్వాత అక్కడే వెల్లకిలా తేలండి. ఉప్పునీరు మంచినీటికన్నా సుమారు రెండున్నర శాతం బరువు, అందుకే పూల్‌లోకన్నా తేలిగ్గా తేలుతారు, ఆ తేడా మీ వీపుకి తెలుస్తుంది. నన్నడిగితే భయం విరిగేది ఆ క్షణంలోనే. ఆ తర్వాత ఛాతీలోతులో ఒడ్డు వెంబడే ఈత, నచ్చనప్పుడు నిలబడొచ్చు. కాలు అందని చోటికి అది బాగా అలవాటయ్యాకే, నడుముకి ఆరెంజ్ రంగు బుయ్ (గాలి నింపిన, నీటిపై తేలే సంచి) కట్టుకుని. మన ఊళ్ళలో బావి ఈతకి పిల్లల నడుముకి సొరబుర్ర కట్టేవాళ్ళు చూడండి, అలాంటిదే ఇది. ఆర్కే బీచ్‌లో మాత్రం ప్రాక్టీస్ వద్దు, అక్కడి లోపలికి లాగే ప్రవాహాలు చాలామందిని బలితీసుకున్నాయి. ఎక్కడైనా అలాంటిది లాగితే ఎదురీదకండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది దాన్ని దాటాకే ఒడ్డువైపు తిరగండి.

ఇక గోవా లెక్క చూద్దాం. 1.9 కిలోమీటర్ల ఈతకి ఇచ్చే సమయం 70 నిమిషాలు. మీ వేగంతో 52 నిమిషాల పని, అంటే వెల్లకిలా తేలడానికి, ఊపిరి సర్దుకోవడానికి 18 నిమిషాలు మీ చేతిలో ఉన్నాయి. బార ఈతే ఈదాలన్న రూలూ లేదు. భయమేస్తే చెయ్యెత్తండి, కయాక్ వస్తుంది, దాన్ని పట్టుకుని ఆగొచ్చు, అది మిమ్మల్ని ముందుకి లాగనంతవరకూ రేసులోంచి తీసెయ్యరు. గుంపు మధ్యలో కాకుండా చివర్లో, ఒక పక్కగా మొదలుపెట్టండి, మొదటి 200 మీటర్లు కావాలని నెమ్మదిగా వెళ్ళండి. వీలైతే ముందుగా 750 మీటర్ల ఈత ఉండే స్ప్రింట్ రేసు ఒకటి చేస్తే చాలా మంచిది, మొదటి రేసే 70.3 అంటే కొంచెం ఎక్కువే. గుండె డాక్టర్‌కి ఒకసారి చూపించుకోండి. నీళ్ళలో ఛాతీ నొప్పి వచ్చినా, దగ్గుతో పాటు గులాబీ రంగు నురగ వచ్చినా అది భయం కాదు, వెంటనే సాయం అడగాలి.

నాయనమ్మ గురించి కూడా చెప్పాలి. చెరువులో పిల్లలు పోయారన్న వార్త వినని ఊరు ఆ రోజుల్లో లేదు. ఈత నేర్పే దారి లేని ఆడపిల్లని కాపాడుకోవడానికి ఆవిడ చేతిలో ఉన్నది ఆ మాట ఒక్కటే. ఈత రాని మనవరాలి కోసం పడ్డ భయం అది, ఇప్పుడు మీకు ఈత వచ్చు. మన సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల 2021లో, 47 ఏళ్ళ వయసులో, శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని ఈదారు. నాయనమ్మ ఉంటే ఆవిడ గురించి చెప్పండి.

ప్రశ్న: మాకు దగ్గర్లో సముద్రం లేదు. సాగర్ కాలువలో ప్రాక్టీస్ చేయొచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: వద్దు తమ్ముడూ, ఎంత ఈత వచ్చినా వద్దు. లైనింగ్ వేసిన కాలువ గట్టు ఏటవాలుగా, పాచిపట్టి ఉంటుంది, పట్టుకోవడానికేమీ దొరకదు, నీళ్ళు మాత్రం లాక్కుపోతూనే ఉంటాయి. పైనుంచి నీళ్ళు ఎప్పుడు పెంచుతారో నీకు తెలియదు. పూల్‌లో గోడ తాకకుండా ఈదడం పైన రాశాను, రోజూ అది చెయ్యి, రేసుకి ముందు రెండు మూడుసార్లు కోచ్ ఉన్న జట్టుతో కలిసి సముద్రానికి వెళ్ళు.