థర్మామీటర్‌లో 4 డిగ్రీలు, ఈవిన్‌లో 10 డిగ్రీలు: ఐఎల్‌ఆర్ హెచ్చరికకు కారణం

మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐఎల్‌ఆర్ (టీకాలు నిల్వచేసే ఐస్-లైన్డ్ రిఫ్రిజిరేటర్) లోపలి థర్మామీటర్ 4 డిగ్రీలు చూపుతుండగా, ఫోన్‌కు మాత్రం ఈవిన్ (టీకాల నిల్వను, ఉష్ణోగ్రతను గమనించే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) నుంచి పదేపదే 10 డిగ్రీల హెచ్చరిక వస్తోందంటే, దాని సెన్సర్ మూత దగ్గరికి జరిగి ఉండే అవకాశమే ఎక్కువ. ఐఎల్‌ఆర్‌లో అడుగుభాగం అతి చల్లగాను, పైభాగం కొంత వెచ్చగాను ఉంటుంది.

1. సెన్సర్‌ను థర్మామీటర్ పక్కనే, అదే బుట్టలో, టీకా సీసాల మధ్య ఉంచండి.

2. సాధారణంగా ఎవరూ చూడనిది సెన్సర్ తీగ. అది మూత రబ్బరు అంచును ఎత్తి పడితే బయటి గాలి లోపలికి చేరి, హెచ్చరిక నిజమే అవుతుంది. అంచు వెంట అక్కడక్కడ కాగితం ముక్క పెట్టి మూత మూసి, మెల్లగా లాగండి. సులువుగా జారివచ్చిన చోట సందు ఉన్నట్లే. తీగను అక్కడ చదునుగా సర్దండి.

3. రాత్రంతా మూత తెరవకుండా ఉంచి, ఉదయం రెండు రీడింగులనూ పోల్చండి.

4. తేడా అలాగే ఉంటే లేదా థర్మామీటర్ కూడా 8 డిగ్రీలు దాటితే, టీకాలను కోల్డ్ బాక్సులోకి మార్చి, జిల్లా కోల్డ్ చైన్ టెక్నీషియన్‌కు వెంటనే తెలియజేయండి. ఈవిన్ లాగర్ (సెన్సర్ రీడింగులను నమోదు చేసే పరికరం) లోపమైతే జిల్లా వ్యాక్సిన్ కోల్డ్ చైన్ మేనేజర్‌కు కూడా చెప్పాలి.

హెచ్చరిక ఆగాలని థర్మోస్టాట్‌ను మరింత చల్లదనానికి తిప్పవద్దని గట్టిగా కోరుతున్నాను. పెంటావాలెంట్, టీడీ, హెపటైటిస్-బి టీకాలు గడ్డకడితే పనికిరావు, సీసాపై ఉండే వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) గుర్తు వేడి తగిలిన సంగతినే తప్ప గడ్డకట్టిన సంగతిని చూపదు.