వంటింట్ల ప్లగ్గుల ముచ్చట, ప్లాస్టరింగ్ కాకముందే చదువు బిడ్డా

బిడ్డా, నిన్న నువ్వు పంపిన ఫొటోలు చూసిన. మిర్యాలగూడ ఇల్లు స్లాబ్ పడ్డంక మంచిగ కనపడ్తున్నది గని, వంటింటి గోడ మీద వైర్‌మెన్ చాక్‌పీసుతోని గీసిన డబ్బాలు రెండే రెండు, ఒకటి తలుపు పక్కకు, ఇంకోటి సక్కగ పొయ్యి నెత్తి మీద. అది చూసి నాకు నిద్ర పట్టలే. వచ్చే వారం ప్లాస్టరింగ్ అన్నవు కదా, అది అయ్యిందంటే ఇగ ప్రతి పాయింట్‌కు గోడ కొట్టుడే, డబుల్ ఖర్సు.

నేను ముప్పై ఏండ్లు నల్లగొండల వైరింగ్ చేసిన, ఎన్ని ఇండ్లో లెక్క లేదు, గని 1994ల నా సొంత వంటింటికి పెట్టుకున్నది రెండే ప్లగ్గులు, అప్పుడు మిక్సీ ఒక్కటే ఉండె మరి. తర్వాత ఫ్రిజ్ వచ్చె, ఫిల్టర్ వచ్చె, ఓవెన్ వచ్చె, నేను జంక్షన్ బాక్స్ ఏలాడదీసిన. ఒకసారి బతుకమ్మ పండుగనాడు ఇండక్షన్ స్టవ్ పెద్ద పిన్నుకు కన్వర్టర్ తగిలిచ్చి చిన్న ప్లగ్గుల గుచ్చిన, అరగంటకే ప్లాస్టిక్ కాలిన వాసన, బోర్డు నల్లగయ్యింది. మీ అత్తమ్మ ఇప్పటికీ అంటది, ఊరందరి ఇండ్లకు పని చేసినవ్, నా వంటింటికే చేత కాలేదని.

అది ఎందుకు కాలిందో చెప్త, లెక్క తేలికనే. చిన్న ప్లగ్గు 6 ఆంప్స్ కరెంటే మోస్తది, మన లైను 230 వోల్టులు, రెండు గుణిస్తే 1380 వాట్లు, అది దాటొద్దు. ఇండక్షన్ 2000 వాట్లు, దాదాపు 9 ఆంప్స్ గుంజుతది. మిక్సీ 750 వాట్లయినా మూడు మూడున్నర ఆంప్సే, దానికి చిన్నది చాలు. ఇండక్షన్, ఓవెన్ లాంటి వేడి చేసే సామాన్లకు 16 ఆంప్స్ పవర్ ప్లగ్గే కావాలె, ఒక్కోదానికి డిస్ట్రిబ్యూషన్ బోర్డు (ఇంటి లైన్లన్ని మొదలయ్యే మెయిన్ డబ్బా) నుంచి విడిగ లైన్, 2.5 స్క్వేర్ ఎంఎం మందం రాగి వైరు తక్కువల తక్కువ, నన్నడిగితే 4దే గుంజిపియ్యి, పైపుల ఒకసారి పోయినంక మళ్ల మార్చుడు పెద్ద తలనొప్పి.

ఇగ ఎన్ని పెట్టాలె, ఎక్కడ పెట్టాలె అంటవా. మీ బావ దగ్గరికి టెక్సాస్ పోయినప్పుడు వాళ్ల వంటింట్ల గట్టు పొడుగుత ప్లగ్గులే ప్లగ్గులు, ఏంది ఇన్ని అనుకున్న. అడిగితే చెప్పిండు, అక్కడ నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ అని రూల్ బుక్కు ఉంటదట, గట్టు మీద గోడ పొంటి ఎక్కడ వస్తువు పెట్టినా 24 ఇంచుల లోపల ప్లగ్గు అందాలె, అంటే ప్లగ్గుకు ప్లగ్గుకు నడుమ నాలుగు ఫీట్లు దాటొద్దు, గట్టు ముక్క 12 ఇంచులున్నా సరే ఒకటి పెట్టాలె. ఎందుకంటే వంటింటి సామాన్ల వైర్లు పొట్టిగ, రెండు ఫీట్లకు అటు ఇటే ఉంటయట, పొడుగుంటే పొయ్యి మీద పడతయ్, పిల్లలు గుంజుతరు. వాళ్లది 120 వోల్టులు, గట్టు ప్లగ్గులకే రెండు 20 ఆంప్స్ లైన్లు తప్పకుంట ఉంటయ్. వాళ్ల ఆంప్స్ లెక్కలు మనకు పనికిరావు గని, ఈ నాలుగు ఫీట్ల లెక్క మాత్రం ఎత్తుకో. టేపు పట్టుకొని గట్టు కొలువు, నీది పన్నెండు ఫీట్లుంటే మూడు నాలుగు చోట్ల పడతయ్. ఎత్తు గట్టుకు ఎనిమిది తొమ్మిది ఇంచులు పైకి, నీళ్లు చిందవు, చెయ్యి అందుతది.

పొయ్యి పైన మాత్రం వద్దే వద్దు, సెగకు, తాలింపు నూనెకు రెండేండ్లల్ల పాడైతది. సింక్‌కు చెయ్యి చాపు దూరమన్న ఉండాలె. మన దిక్కు నీళ్లల్ల ఫ్లోరైడ్ కథ నీకు తెల్వంది కాదు, ఫిల్టర్ లేని ఇల్లు లేదు, అది సింక్ పక్కనే ఉంటది, కాబట్టి దాని ప్లగ్గు ఫిల్టర్ కంటె పైన పెట్టిపియ్యి, కారినా ప్లగ్గు మీద పడదు. చిమ్నీ ప్లగ్గు చిమ్నీ వెనుక పడకుండ పక్కకు పైన. ఫ్రిజ్ ప్లగ్గు వెనుక దాచిపెడ్తే స్విచ్ ఆపాలన్నా ఫ్రిజ్ జరపాలె, అది గూడ పక్కకే. సిలిండర్ పెట్టే కప్‌బోర్డుల ఏం పెట్టనియ్యకు, గ్యాస్ గాలికంటె బరువు, లీకైతే కిందనే పేరుకుంటది, స్విచ్ ఏస్తే చిన్న మెరుపు చాలు.

షాక్ సంగతి. వంటింటి ప్లగ్గుల లైన్లకు 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టిపియ్యి, కరెంటు లీకైతే టక్కున లైన్ బంద్ చేసే స్విచ్ అది. తడి చేతులతోని మిక్సీ పట్టే చోట ఇది లేకుంటె ఎట్ల. దానికి టెస్ట్ బటన్ ఉంటది, నెలకోసారి నొక్కు, లైన్ బంద్ కాకపోతే మార్చు. అర్తింగ్, అంటే లీకైన కరెంటును నేలలకు పంపే ఏర్పాటు, విడిగ చూసుకోవాలె, మన నేల బండ, ఎండాకాలం ఎండిపోతది, అందుకని పైపు రెండున్నర మీటర్ల లోతు పోయిందా, బొగ్గు ఉప్పు పోసిండ్రా నిలబడి చూడు, మేస్త్రీ చెప్పిండని నమ్మకు, ఎండాకాలం అప్పుడప్పుడు దాంట్ల నీళ్లు పోస్తుండు.

ఇంకోటి, ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే లైన్ బంద్ చేసే స్విచ్) ఊకె పడ్తున్నదని కొందరు పెద్ద ఎంసీబీ ఏస్తరు, 2.5 వైరుకు 32 ఆంప్స్‌ది, అది చేస్తే ఎంసీబీ నిమ్మళంగ ఉంటది, గోడల వైరు కాల్తది. అల్లునికి ఈ ముక్క గట్టిగ చెప్పు.

వైర్‌మెన్‌తోని కొట్లాడకు, నా మామయ్య ఇట్ల అన్నడు అని గూడ అనకు, చిన్నపుచ్చుకుంటడు. డబ్బాలు నువ్వే గీసియ్యి, పైసలు పాయింట్ లెక్కన ఇస్త అను, ఎక్కువ పాయింట్లకు వాడే సంతోషపడ్తడు. ప్లాస్టరింగ్‌కు ముందు నాలుగు గోడలకు పైపులు కనపడేటట్టు, టేపు పక్కకు పెట్టి ఫొటోలు తీసి పెట్టుకో, రేపు అల్మారకు మేకు కొట్టాలంటె అవే దిక్కు. నాకు గూడ ఒక సెట్ పంపు.