అన్వితలో వంతెన ఎక్కడుంది?

ప్రశ్న: మా పాపకి అన్విత అని పెట్టాం. ‘దూరాలను కలిపే వంతెన’ అని అర్థమట, ఫోన్లో చూశాం. మా మామగారేమో ‘అది సగం మాటే’ అంటున్నారు. ఎవరిది నిజం?

జవాబు: మామగారిదేనమ్మా. ఆ పేరులో ఏ మూల వెతికినా నాకు వంతెన కనబడలేదు. విప్పి చూడండి: అను + ఇత. ‘ఇ’ అంటే వెళ్లడం. సంస్కృత క్రియల మూలరూపాల (ధాతువుల) పట్టిక ధాతుపాఠంలో ‘ఇణ్ గతౌ’ అని ఉంటుంది. దానికి, పని జరిగిపోయిందని చెప్పే క్త ప్రత్యయం చేరితే ఇత, అంటే వెళ్లినది. ముందు ‘అను’ ఉంది కనక వెంట వెళ్లినది. యణాదేశ సంధిలో ఉకారం వకారమై అన్విత అయింది. అంటే కూడుకున్నది. దేనితో? మామగారి పేచీ అక్కడే. గుణాన్విత అంటే గుణాలతో కూడినది, బాగానే ఉంది. ఉత్త అన్వితకి ముందు ఒక మాట ఖాళీ. అంతమాత్రాన పేరు మార్చేయకండి, పేరన్నాక వాక్యంలా పూర్తి కావాలని ఏ సూత్రమూ లేదు.

ఇదే ధాతువుకి ‘ఉత్’ తగిలిస్తే ఉదయం. ఆ లెక్కన ఉదయ్ అనే పిల్లాడు మీ పాపకి అన్న వరస. వినయ్ కూడా అలాగే వినబడుతుంది గానీ ఆ ఇంటివాడు కాదు. వాడిది ‘నీ’ ధాతువు, తీసుకువెళ్లడం అని. నాయకుడు, నేత, అభినయం, ప్రణయం వాడి చుట్టాలు. చివరి అక్షరాలు చూసి బంధుత్వం కలిపితే ఇలాగే బోర్లా పడతాం.

ప్రశ్న: వనజ అంటే అడవిలో పుట్టినదనేగా?

జవాబు: ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ క్లాసులో ఆ మాటే చెప్పాను. వెనక బెంచీలోంచి ఆ పేరు పిల్లే లేచి ‘మా తాతయ్య తామరపువ్వని చెప్పారండీ’ అంది. ఇంటికెళ్లి అట్ట ఊడిన అమరకోశం తీస్తే నీళ్ల పేర్లలో ‘జీవనం భువనం వనమ్’ అని కనబడింది. వనమంటే నీరు కూడా! మర్నాడు ఆ పాదం బోర్డు మీద రాసి, తాతయ్యదే సరి అని ఒప్పుకున్నాను. అడవిలో పుట్టినదన్నా వ్యాకరణం కాదనదు. కానీ వనజాక్షి అన్నప్పుడు అవి అడవి కళ్లు కావు కదా! నీరజ, జలజ, సరోజ అన్నీ తామరలే. చివరి ‘జ’ జన్ ధాతువు అరిగి మిగిలిన ముక్క.

ప్రశ్న: మా అత్తయ్య అనసూయ, మా బాబు అనిరుద్ధ్. రెండింటిలోనూ ముందున్న ‘అన్’ ఒకటేనా?

జవాబు: రెండూ ‘కాదు, లేదు’ అనే నఞ్ సమాసాలే, విరుపు వేరు. అచ్చు ముందు ‘అన్’, హల్లు ముందు ‘అ’ వస్తుంది. అన్ + అసూయ, అసూయ లేనిది. అ + నిరుద్ధ, ఎవరూ అడ్డగించలేనివాడు. రుధ్ అంటే అడ్డుకోవడం; నిరోధం, విరోధం అందులోంచి వచ్చినవే. పురాణంలో ఆ అడ్డులేనివాణ్ణే, కృష్ణుడి మనవణ్ణే, బాణాసురుడు నాగపాశంతో కట్టి పడేశాడు, ఆ సంగతి బాబుకి ఇప్పుడే చెప్పకండి.