నా ఫోటో, వాళ్ళ ఫ్లెక్సీ: కడప పాఠకుడి సందేహానికి జవాబు

ప్రశ్న: వకీలు సార్‌కు నమస్కారం. కడపలో నాకు చిన్న మందుల షాపు ఉండాది. ఫోటోలు తీయడం నాకు పిచ్చి. మూడేండ్ల నుంచి, షాపు తెరిచే లోపల రోజుకొక ఫోటో తప్పకుండా తీస్తాండా. రెండు నెలలకొకసారి శనివారం రాత్రి షట్టరు దించి, బైకు మీద బద్వేలు, ఆత్మకూరు, నెల్లూరు మీదుగా పోయి తెల్లారేసరికి మైపాడు తీరంలో ఉంటా. పోయిన సంవత్సరం అక్కడ అలివి వల లాగుతాంటే, ముందర ఒక ముసలామె నెత్తళ్ళ గంప ఎత్తుకుంటాండేది తీసి ఫేస్‌బుక్‌లో పెట్టినా. కింద మూలకు నా పేరు వేసినా. ఇప్పుడు కోస్తాలో ఒక రిసార్టు వాళ్ళు దాన్ని ఫ్లెక్సీ కొట్టించినారు, పాంప్లెట్ల మీద కూడా వేసినారు. నా పేరుండే మూల కత్తిరించినారు. ఆమె మొగం మీదనే ‘సీఫుడ్ ఆఫర్’ అని రాసినారు. అడిగితే ‘నెట్‌లో దొరికింది, నెట్‌లో ఉండేదంతా అందరిదీ’ అన్నారు. ఇంకోపక్క ఆ ముసలామె కొడుకు నా నంబరు పట్టుకోని, ‘మా అమ్మ ఫోటో అమ్ముకుంటివా’ అని తిట్టినాడు. నేను ఒక్క రూపాయి తీసుకోలేదు సార్. రిజిస్ట్రేషన్ ఏమీ చేయించలేదు. కేసు వేస్తే నిలబడుతుందా? స్నేహితులు పది లక్షలకు వెయ్యమంటాండారు. ఇంకోటి: మొన్న ఒక ఓడరేవు గేటు దగ్గర సెక్యూరిటీ అతను కెమెరా గుంజుకోని ఫోటోలన్నీ చెరిపేసినాడు. అతనికి ఆ హక్కు ఉందా?

జవాబు: కేసు నిలబడుతుంది. ఆ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరంలో ‘రిజిస్ట్రేషన్ చేయించలేదు’ అన్న చోట మీ భయమంతా కనిపించింది. మన దేశంలో కాపీరైటు రిజిస్ట్రేషన్‌తో పుట్టదు. 1957 నాటి కాపీరైటు చట్టం ఫోటోను కళాకృతి కింద లెక్కేస్తుంది, ఫోటో తీసిన మనిషినే దాని కర్త అంటుంది. మైపాడు ఇసుకలో మోకాలు ఆనించి మీరు మీట నొక్కిన క్షణంలోనే హక్కు మీదైపోయింది. మీ జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ అనేది కోర్టులో చూపించడానికి ఒక అదనపు కాగితం. కావాలంటే ఇప్పుడైనా చేయించుకోవచ్చు, ఒక ఫోటోకు 500 రూపాయల ఫీజు. కానీ అది లేదని ఏ జడ్జీ మీ దావా కొట్టేయరు.

డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోల లెక్క వేరు. పెళ్ళికి కుదుర్చుకుని తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ ఫోటోల మీద హక్కు తీయించుకున్నవాళ్ళదే. ఉద్యోగంలో భాగంగా తీస్తే యజమానిది. మీరు సొంత పెట్రోలు పోసుకుని, సొంత కెమెరాతో, ఎవరూ అడగకుండా తీశారు. ఆ గొడవ మీకు లేదు.

‘నెట్‌లో ఉండేదంతా అందరిదీ’ అన్న మాట నేను వారానికొకసారన్నా వింటాను. అది శుద్ధ తప్పు. ఫేస్‌బుక్‌లో పెట్టినప్పుడు దాన్ని చూపించుకునే అనుమతి ఆ కంపెనీకి ఇచ్చారు, అంతే. రిసార్టుకు ఇవ్వలేదు. ఎవరో మీ ఫోటోను తమ ఫోన్ తెర మీద పెట్టుకుని మురిసిపోతే చట్టం పట్టించుకోదు. పత్రికవాళ్ళు జరిగిన సంగతి చెప్పడానికి వాడుకుంటే దానికీ కొంత వెసులుబాటు ఉంది. గదులు నింపుకోవడానికి, చేపల పులుసు అమ్ముకోవడానికి వాడుకుంటే ఏ వెసులుబాటూ లేదు. కింద చిన్న అక్షరాలతో ‘ఇంటర్నెట్ సౌజన్యం’ అని వేసినా అంతే. సౌజన్యం ఇంటర్నెట్టుది కాదు, మీది. మిమ్మల్ని అడగాలి.

వాళ్ళు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే తప్పుగా తోచింది ఆ మూల కత్తిరించడం. ప్రచురించిన ఫోటో మీద ఎవరి పేరుంటే వాళ్ళే కర్త అని కోర్టు మొదట అనుకుని తీరాలి. కాదన్నవాడే రుజువు చేసుకోవాలి. సెక్షన్ 55 ఆ మాట చెప్తుంది. అంటే మీ పేరున్న ఆ నాలుగు అంగుళాలే మీ సాక్ష్యం, దాన్నే కోసేశారు. 2012లో చట్టాన్ని సవరించినప్పుడు, కర్త పేరులాంటి హక్కుల సమాచారాన్ని తెలిసి తెలిసి తొలగించడాన్ని ప్రత్యేక నేరం చేశారు. రెండేళ్ళ వరకూ జైలు, జరిమానా. ఇది కాక సెక్షన్ 57 ఉంది: ఫోటో అమ్ముకున్నా సరే, ‘తీసింది నేనే’ అని చెప్పుకునే హక్కు, మీ గౌరవానికి భంగం కలిగేలా ఆ ఫోటోను వికారం చేస్తే అడ్డుకునే హక్కు మీ దగ్గరే ఉంటాయి. ఆ ముసలామె ముఖం మీద ఆఫర్ ముద్ర కొట్టడం ఇందులోకి వస్తుందని నేను గట్టిగా వాదిస్తాను.

ఇక సాక్ష్యం. ‘ఇది నేను తీసిందే’ అని వాళ్ళూ అనొచ్చు, అప్పుడెలా అని మీకు సందేహం రావచ్చు. మీ రోజువారీ అలవాటు ఇక్కడ మిమ్మల్ని కాపాడుతుంది. కెమెరా ప్రతి ఫోటోకు వరస నంబరు వేస్తుంది. ఆ ముసలామె గంపకు చేయి వేస్తున్నది, ఎత్తుతున్నది, ఎత్తి తలమీద పెట్టుకున్నది, ఇలా ముందూ వెనకా తీసినవి మీ దగ్గర వరసగా ఉండి ఉంటాయి. శనివారం కడపలో తీసిన రోజు ఫోటో, ఆదివారం తెల్లారి ఇది, సోమవారం మళ్ళీ కడప ఫోటో, నంబర్లు తెగకుండా. అలాంటి వరస దొంగ దగ్గర ఉండదు. ఇంకొక చిన్న విషయం కోర్టులో బాగా పనికొస్తుంది: మీ అసలు ఫోటోలో అంచుల దగ్గర ఉన్నవన్నీ, పక్కన వల లాగుతున్నవాడి పాదమో, ఇసుకలో పడున్న తాడో, ఫ్లెక్సీలో ఉండవు. పెద్ద ఫోటో నుంచి చిన్నది కత్తిరించవచ్చు గానీ, కత్తిరించిన ముక్క నుంచి పోయిన అంచులు తెప్పించలేరు. జడ్జీ ముందు రెండూ పక్కపక్కన పెడితే నేను నోరు తెరవక్కర్లేదు.

అందుకే ఆ మెమరీ కార్డును ఇక వాడొద్దు. ఫార్మాట్ చేయొద్దు. కవరులో పెట్టి, తారీకు రాసి, బీరువాలో పెట్టండి. కెమెరా ఇచ్చిన అసలు ఫైలు పేరు కూడా మార్చొద్దు. ఫ్లెక్సీని దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి ఫోటో తీసుకోండి. ఆ పాంప్లెట్లు రెండు సంపాదించండి. వీలైతే అక్కడ ఒక టీ తాగి, తారీకున్న బిల్లు తెచ్చుకోండి. ఫైళ్ళను కోర్టులో పెట్టాలంటే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్యాల చట్టం, భారతీయ సాక్ష్య అధినియమం, సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఆ పని మా ఆఫీసులాంటి చోట చేయిస్తారు, మీరు కంగారు పడొద్దు.

దారి ఏమిటంటే, ముందు లాయరు నోటీసు. స్పీడ్ పోస్టులో, అందినట్టు సంతకం వచ్చేలా, 15 రోజుల గడువుతో. ఇది మొక్కుబడి కాదు. ‘దీని మీద ఎవరికో కాపీరైటు ఉందని నాకు తెలీదు’ అని వాళ్ళు నిరూపించుకోగలిగితే నష్టపరిహారం నుంచి తప్పించుకునే సందు చట్టంలో ఉంది. అప్పుడు వాడకం ఆపించడం, వాళ్ళకొచ్చిన లాభంలో వాటా, ఇవే మిగులుతాయి. నోటీసు చేతికందిన రోజుతో ఆ సందు మూసుకుపోతుంది. వాళ్ళ ఫేస్‌బుక్ పేజీలో కూడా ఫోటో ఉంటే ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. 2013 కాపీరైటు నియమాల ప్రకారం 36 గంటల్లో దాన్ని కనపడకుండా చేయాలి. కానీ 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తెచ్చుకోకపోతే మళ్ళీ పెట్టేయవచ్చు, అది గుర్తుంచుకోండి.

పది లక్షల మాట మరిచిపోండి. దావా విలువ 3 లక్షలకు చేరితే అది కమర్షియల్ కోర్టు దారి పడుతుంది, అత్యవసర ఉత్తర్వు అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి పోవాలి. అడిగే సొమ్ము పెరిగేకొద్దీ కోర్టు ఫీజూ పెరుగుతుంది. ఆ రిసార్టు మర్యాదగా అడిగి ఉంటే ఎంతకిచ్చేవారో గుండె మీద చేయి వేసుకుని చెప్పండి. అక్కడినుంచి లెక్క మొదలుపెడదాం. దావా వేయడానికి కోస్తాకు తిరగక్కర్లేదు. కాపీరైటు చట్టం సెక్షన్ 62 ప్రకారం మీరు ఉండే చోటే, కడప జిల్లా కోర్టులోనే వేయవచ్చు. మూడేళ్ళ లోపల వేయాలి.

దావా కంటే ముందు నేను సూచించేది జిల్లా న్యాయసేవాధికార సంస్థ. అక్కడ కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. రెండు పక్షాలూ ఒప్పుకుంటే ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఇలాంటి తగాదాలు అక్కడ ఒక్క పూటలో తెగడం నేను చూశాను.

పోలీసు కేసు? పెట్టవచ్చు. కాపీరైటు చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఈ నేరంలో పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మొదటి అడుగుగా అది నాకు ఇష్టం లేదు. స్టేషన్‌కు మొదట పట్టుకొచ్చేది రిసార్టు ఓనరును కాదు, రోజుకు ఇరవై ఫ్లెక్సీలు డిజైన్ చేసే కుర్రాణ్ణి. మీకు రావలసిన డబ్బు అతని దగ్గర ఉండదు.

ఇంతవరకూ మీ హక్కు చెప్పాను. ఆ ముసలామెకూ ఒక హక్కు ఉంది. దాన్ని దాటేసి మీకు సలహా ఇవ్వలేను.

ఫోటో మీది. ముఖం ఆమెది. బహిరంగంగా తీరంలో పని చేసుకుంటున్న మనిషిని ఫోటో తీయడం మామూలుగా తప్పు కాదు, మీ పేజీలో పెట్టుకోవడమూ నేరం కాదు. కానీ ఒక మనిషి పేరునో రూపాన్నో అనుమతి లేకుండా ప్రకటనకు వాడుకుంటే అది ఆ మనిషి గోప్యతకు భంగమని 1994లోనే రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. కాబట్టి రిసార్టు చేసింది రెండు తప్పులు: మీ దగ్గర అడగలేదు, ఆమె దగ్గరా అడగలేదు. రేపు వాళ్ళు దిగొచ్చి మీకు డబ్బిచ్చి, ‘ఇక ఆ ఫ్లెక్సీ అలాగే ఉంచుకుంటాం’ అంటే, ఒప్పుకునే అధికారం మీ ఒక్కరికే లేదు. మీరు ఇవ్వగలిగింది కాపీరైటు అనుమతి మాత్రమే. ఆ కొడుకు మిమ్మల్ని తిట్టడం అన్యాయమే, కానీ అతని కోపం అన్యాయం కాదు. ఊరి సెంటర్లో తల్లి ముఖం మీద ఆఫర్ రాసి ఉంటే ఎవరు ఊరుకుంటారు?

ఆమె విడిగా కూడా నోటీసు ఇవ్వవచ్చు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం చెప్తుంది. నెల్లూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇస్తే ఆమెకు ఒక్క పైసా ఖర్చు లేకుండా లాయరును పెడతారు. మీరు, ఆమె కలిసి ఒకే లోక్ అదాలత్‌లో కూర్చుంటే రిసార్టుకు తప్పించుకునే మాట దొరకదు. వచ్చిన దాంట్లో ఆమెకు భాగం ఇవ్వాలని చట్టం మిమ్మల్ని బలవంతపెట్టదు. నేను మాత్రం ఇవ్వమనే అంటాను, సగానికి తక్కువ కాకుండా.

ఓడరేవు సంగతి క్లుప్తంగా. ఓడరేవుల లోపలి భాగం భద్రతా ప్రాంతం, అనుమతి లేకుండా కెమెరా బయటికి తీయొద్దు. విశాఖ నౌకాదళ స్థావరం, శ్రీహరికోట లాంటి చోట్ల ఇంకా జాగ్రత్త. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రదేశాల్లో సరదాకు తీశానన్న మాట ఎవరూ వినరు. అయితే గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి మిమ్మల్ని ఆపవచ్చు, వెళ్ళిపొమ్మనవచ్చు, పోలీసులను పిలవవచ్చు. కెమెరా గుంజుకునే అధికారం, ఫోటోలు చెరిపే అధికారం అతనికి ఏ చట్టమూ ఇవ్వలేదు. పోలీసులైనా స్వాధీనం చేసుకుంటే మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. మీ వస్తువు మీకు ఇప్పించమని క్రిమినల్ కేసుల పద్ధతి చెప్పే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 503 కింద అర్జీ వేసుకోవచ్చు. చెరిపేసిన ఫోటోలు, ఆ కార్డులో కొత్తవి తీయకుండా ఉంటే, చాలావరకు మళ్ళీ తెచ్చుకోవచ్చు. కెమెరాలు బాగుచేసే ఏ షాపులో అడిగినా చెప్తారు.

కార్డు, పాంప్లెట్లు తీసుకుని రండి, నోటీసు రాద్దాం. దానికి ముందు ఒకసారి మైపాడు పోయి ఆమెను, కొడుకును కలవండి. ఆ ఫోటో ఒకటి మంచి సైజులో ప్రింటు కొట్టించి ఆమె చేతికివ్వండి. జరిగింది చెప్పండి. ఆమె పేరు, వయసు రాసుకుని రండి. నోటీసులో ఆమెను ‘ఒక మత్స్యకార స్త్రీ’ అని రాయడం నాకు ఇష్టం లేదు.