ఎండల్లో బీపీ గోళీ ఆపేయొచ్చా?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దగ్గర పల్లె. మా మామకు 66 ఏళ్లు. పదేళ్లుగా బీపీ, షుగర్ ఉన్నాయి. బీపీకి టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన గోళీ, షుగర్‌కు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన గోళీ వాడుతున్నాడు. మోకాళ్ల నొప్పులు ఎక్కువైతే ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి గోళీలు తెచ్చుకుంటాడు. జనవరిలో బీపీ 168/96 ఉంది. మొన్న మేలో చేనులో కళ్లు తిరిగి పడిపోతే చూస్తే 100/60కి వచ్చింది. ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించి, ఎండలు పోయేదాకా బీపీ గోళీ ఆపమన్నాడు. ఆపొచ్చా? మా దగ్గర ఎండ, వాన, చలి ఏది వచ్చినా ఎక్కువే. ఈసారి మేలోనే రాళ్ల వాన కూడా పడింది. ఏడేళ్ల మా బాబుకు కాలం మారినప్పుడల్లా పిల్లికూతలు వస్తాయి. వీటన్నిటినీ తట్టుకునేలా ఒంటికి బలమిచ్చే టానిక్ ఏదైనా ఉందా?
– ఓ పాఠకురాలు

జవాబు: మీ ఆర్‌ఎంపీ చెప్పినదాంట్లో సగం నిజం ఉందమ్మా. ఎండాకాలంలో బీపీ తగ్గుతుంది, చలికాలంలో పెరుగుతుంది. వేడిని బయటికి పంపడానికి చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, చెమటతో నీరూ ఉప్పూ పోతాయి. చలికి అవే నాళాలు బిగుసుకుంటాయి. కాబట్టి జనవరిలో 168, మేలో 100 చూసి మిషన్ పాడైందనుకోకండి. మీ జిల్లాలో మేలో 45 డిగ్రీలు దాటే ఎండ, డిసెంబరు, జనవరిల్లో 5 డిగ్రీల దాకా దిగే చలి రెండూ ఉంటాయి. నలభై డిగ్రీల తేడా ఉన్న ఊళ్లో ఏడాది పొడవునా ఒకే మందుల చిట్టీ నడిపించడం దగ్గరే చిక్కు వస్తోంది.

అయితే గోళీ మొత్తంగా ఆపేయడం మాత్రం వద్దు. ఎండలు పోయాక మళ్లీ మొదలుపెట్టాలని ఎవరికీ గుర్తుండదు. పక్షవాతం వచ్చాక దవాఖానకు తెచ్చినప్పుడు, ‘ఎండల్లో ఆపినం సారూ, మళ్ల ఏసుకోలే’ అనే మాట మేం ప్రతి చలికాలం వింటాం.

మీ మామగారి గోళీలో రెండు మందులున్నాయి. హైడ్రోక్లోరోథయజైడ్ అనేది ఉప్పునూ నీటినీ మూత్రంలో బయటికి పంపే మందు. చేనులో చెమట రూపంలో పోయేది ఒకపక్క, ఈ మందు పంపేది మరోపక్క. సాధారణంగా ఎండలు ముదిరే ముందు డాక్టర్లు ఈ రెండో మందునే తీసేసి టెల్మిసార్టన్ ఒక్కటే ఉంచడమో, మోతాదు తగ్గించడమో చేస్తారు. మీ మామగారికి ఏది సరిపోతుందో చూడటానికి ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), సోడియం, పొటాషియం పరీక్షలు అవసరం. ఈ వారంలోనే ఉట్నూరు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి, లేదా ఆదిలాబాద్ రిమ్స్‌కు వెళ్లండి. ఆ తర్వాత నుంచి ఏడాదికి రెండుసార్లు, అంటే ఉగాదికి ముందు ఒకసారి, దీపావళి అయ్యాక ఒకసారి, బీపీ అంకెలు రాసుకున్న కాగితంతో వెళ్లి మోతాదు సరిచూపించుకోండి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది మీరు మధ్యలో మామూలుగా రాసేసిన నొప్పి గోళీల సంగతి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. టెల్మిసార్టన్, నీరు పంపే మందు, పైన నొప్పి గోళీ, వీటికి ఎండలో ఒళ్లు ఎండిపోవడం తోడైతే రెండు మూడు రోజుల్లోనే కిడ్నీలు దెబ్బతినొచ్చు. బయటికి ఏ నొప్పీ ఉండదు, మూత్రం తగ్గిందన్న సంగతి చేనులో పనిచేసే మనిషి గమనించడు. మోకాళ్లకు పైన రాసే మందు, కాపడం, మరీ తప్పకపోతే పారాసిటమాల్ వాడండి. ఆర్‌ఎంపీ ఇచ్చే రంగురంగుల గోళీల పొట్లం మాత్రం ఇంట్లోకి రానివ్వకండి.

కళ్లు తిరగడానికి ఇంకో కారణం కూడా ఉండి ఉండొచ్చు. గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా షుగర్‌ను తగ్గిస్తూనే ఉంటుంది. ఎండకు ఆకలి చచ్చి పొద్దున సరిగా తినకుండా గోళీ వేసుకుని చేనుకు పోతే పదకొండు గంటలకల్లా చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. చూసినవాళ్లు వడదెబ్బ అనుకుంటారు. ఈసారి అలా అయితే ముందు వేలు గుచ్చి షుగర్ చూడండి. 70 కన్నా తక్కువుంటే, లేదా చూసే మిషన్ లేకపోతే, స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. వాంతులు, విరేచనాలతో ఏమీ తినలేని, తాగలేని రోజున ఏ మందు ఆపాలి, ఎప్పుడు మళ్లీ వేసుకోవాలి అన్నది మీ డాక్టరును ముందే అడిగి చిట్టీ మీద రాయించుకోండి. మెట్‌ఫార్మిన్, బీపీ గోళీ రెండింటికీ ఈ సూచన ఉంటుంది. ఆ రోజున ఫోన్ కలవకపోవచ్చు.

ఎండ సంగతికి వస్తే, వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత చెమట త్వరగా మొదలవుతుంది, దాంట్లో ఉప్పు తక్కువ పోతుంది. అందుకే ఎండలు మొదలైన తొలి పదిహేను రోజుల్లో మనుషులు ఎక్కువగా పడిపోతారు. మీరు చెప్పిన రాళ్ల వాన దగ్గరా ఇదే జరుగుతుంది. వారం పది రోజులు మబ్బుపట్టి చల్లబడితే వచ్చిన అలవాటు జారిపోవడం మొదలవుతుంది. మళ్లీ ఒక్కసారిగా 43, 44 వచ్చేసరికి మనిషి మొదటికొస్తాడు. వాన వెలిసి ఎండ తిరిగొచ్చిన మొదటి రోజు సగం పని, మర్నాడు ఇంకాస్త, అలా పెంచుకుంటూ పోవాలి. పత్తి గింజలు పెట్టే తొందర నాకు తెలుసు. అయినా పది గంటలకల్లా ఇంటికి వచ్చి, మళ్లీ నాలుగున్నర దాటాక వెళ్లమనండి.

వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది కాబట్టి ‘దప్పికైతే తాగుతాలే’ అనే మాట నమ్మకండి. జొన్న అంబలి, పల్చటి మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు ఏదైనా మంచిదే. బీపీ ఉంది కదా ఉప్పు వేయొచ్చా అంటారేమో. ఒళ్లంతా చెమట కారేలా పనిచేసిన రోజున మజ్జిగలో చిటికెడు వేయొచ్చు. ఇంట్లో కూర్చున్న రోజున అక్కర్లేదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం అడిగే చేయాలి. విరేచనాలైనా, కళ్లు తిరిగినా లీటరు నీళ్లలో కలిపే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ వాడండి. లీటరుకు అందులో 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లు భయపడాల్సిన పని లేదు. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు అవి కావు. వాటి మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వేయకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ ఆదేశించింది కూడా.

అసలు వడదెబ్బను గుర్తుపట్టేది మాటను బట్టి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, పిలిస్తే సరిగా పలకకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బే. చెమట పడుతోంది కాబట్టి కాదులే అనుకోవద్దు. చేనులో పనిచేస్తూ పడిపోయినవాళ్లకు ఒళ్లంతా తడిగానే ఉంటుంది. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోగానే చల్లబరచడం మొదలుపెట్టాలి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, బోరు నీళ్లు ధారగా పోస్తూ విసరండి. ఐసు దొరికితే చంకల్లో, గజ్జల్లో పెట్టండి. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి. సెలైన్ పెట్టించడానికి ఆర్‌ఎంపీ ఇంటికి మోసుకుపోతూ పోగొట్టుకునే ఆ అరగంటే ప్రాణం మీదికి తెస్తుంది. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పనికి వెళ్లక తప్పని పేదలు, వృద్ధులు.

రేకుల ఇల్లయితే రాత్రిళ్లు కూడా గమనించండి. గది వేడి 40 డిగ్రీలు దాటితే పొడి ఫ్యాను గాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుంది. తడి బట్ట ఒంటి మీద వేసుకుంటే నయం. జూన్‌లో ఉక్క మొదలయ్యాక కిటికీలు మూసి కూలర్ వేసినా లాభం ఉండదు.

ఇప్పుడు మిరుగు (మృగశిర కార్తె) దగ్గరికొచ్చాం. తొలకరిలో చేలల్లో ఉండేవాళ్లకు పిడుగు భయం. ఉరుము వినపడిందంటే పిడుగు పడే దూరంలోనే ఉన్నట్టు. చెట్టు కిందికి పోకూడదు. పక్కా ఇంట్లోకి వెళ్లి, చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రావాలి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ ఫోన్లో ఉంటే ముందే హెచ్చరిస్తుంది. పిడుగు పడిన మనిషిని ముట్టుకుంటే కరెంటు కొట్టదు. ఊపిరి ఆగితే వెంటనే గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి.

వాగులు పొంగితే మీ వైపు ఊళ్లకు దారి తెగుతుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడిందంటే ఇక ఏ ఊరికైనా అలాంటిది రాదని చెప్పలేం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇంట్లో కనీసం పదిహేను రోజుల మందులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, బాబుకు డాక్టరు ఇన్‌హేలర్ రాసి ఉంటే అదీ తడవకుండా డబ్బాలో ఉంచండి. వానాకాలంలో జ్వరమొస్తే మలేరియా, డెంగీ పరీక్షలు చేయించకుండా నొప్పి సూదులు, ఐబుప్రొఫెన్ వద్దు.

చలికాలం గురించి రెండే మాటలు. తెల్లవారుజామున ఐదింటికి చన్నీళ్ల స్నానం, చలిలో నడక మీ మామగారికి వద్దు, ఎండ వచ్చాక వెళ్లమనండి. తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బాబుకు అది ఉబ్బసం కావచ్చు. పిల్లల డాక్టరుకు చూపించండి. అవునని తేలితే, కాలం మారే ముందు నుంచే రోజూ వాడే ఇన్‌హేలర్‌ను గొట్టంలాంటి స్పేసర్‌తో పెట్టమంటారు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని మధ్యలో మానిపించకండి. చలిమంట పొగకు, వంట పొగకు దూరంగా పడుకోబెట్టండి.

ఎండా వానా చలీ తట్టుకునే శక్తినిచ్చే టానిక్ లేదు. బలానికని పెట్టే సెలైన్ సీసాలో ఉండేది ఉప్పునీళ్లే. ఆ డబ్బులతో బీపీ మిషన్ కొనండి. మణికట్టుకు పెట్టేది కాకుండా జబ్బకు చుట్టేది తీసుకోండి. వారానికి రెండు రోజులు మీ మామగారు ఐదు నిమిషాలు కూర్చున్నాక ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూసి తేదీతో రాసిపెట్టండి. నిలబడినప్పుడు పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతుంటే ఉగాది దాకా ఆగకుండా అదే వారం డాక్టరుకు చూపించండి.